మెరుపు తగ్గిన సీడ్: గొంతువాపు టీకా అభివృద్ధిలో ఒక కేసు

ఈ కేసు హైదరాబాద్ శివార్లలోని ఒక పశువుల టీకాల ప్రయోగశాలలో జరిగింది. అక్కడ బ్యాక్టీరియా టీకాల అభివృద్ధి విభాగంలో నేను పనిచేశాను. సంస్థ పేరు, సహోద్యోగుల పేర్లు, పశువుల యజమానుల వివరాలు, సంవత్సరాలు, బ్యాచ్ నంబర్లు కావాలనే వదిలేశాను. కొత్తగా తయారు చేస్తున్న గొంతువాపు టీకా వైఫల్యానికి కారణాన్ని మేము ఎనిమిది నెలల పాటు తప్పు చోట వెతికాము. అసలు కారణం మొదటి రోజు నుంచీ మా ఇంక్యుబేటర్‌లోని ప్లేట్ల మీదే ఉంది, అయితే దాన్ని కనిపెట్టగలిగే వెలుతురులో మేము ఆ ప్లేట్లను ఒక్కసారి కూడా చూడలేదు. ఇలాంటి పనిలో ఉన్న మరొకరికి ఆ ఎనిమిది నెలలు మిగలాలన్న ఉద్దేశంతో దీన్ని వివరంగా రాస్తున్నాను.

నేపథ్యం

గొంతువాపును మన రైతులు గురక రోగమని కూడా అంటారు. దీనికి కారణం పాశ్చరెల్లా మల్టోసిడా అనే బ్యాక్టీరియా. అందులో అనేక రకాలున్నా, ఆసియాలో ఆవులకు, గేదెలకు గొంతువాపు తెచ్చేది బి:2 రకం. ఇందులోని అక్షరం బ్యాక్టీరియాను కప్పి ఉండే క్యాప్సూల్ అనే పైపొరను బట్టి, అంకె ఆ పొర కింద ఉండే లైపోపాలిశాకరైడ్ అనే కొవ్వు, చక్కెర కలిసిన పదార్థాన్ని బట్టి వచ్చాయి. ఆవుల కంటే గేదెలకు ఈ వ్యాధి ఎక్కువ ప్రాణాంతకం. వాటిలోనూ ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు వయసున్నవి ఎక్కువగా బలవుతాయి. తొలకరి వానలకు పశువు తడిసి, మేత మారి, ఒంట్లో సత్తువ తగ్గినప్పుడు, టాన్సిల్స్‌లో అంతకుముందు నుంచే దాగి ఉన్న బ్యాక్టీరియా రక్తంలోకి చేరుతుంది. రాత్రి మామూలుగా నెమరు వేసిన పశువు తెల్లవారేసరికి మేత ముట్టదు. ఒళ్లు కాలిపోతుంటుంది, దవడ కింద నీరు దిగి వాపు మెడ వరకు పాకుతుంది, ఊపిరి గురకలా వినిపిస్తుంది. చాలా పశువులు ఒకటి రెండు రోజుల్లోనే చనిపోతాయి. వాపు బయటపడ్డాక యాంటీబయాటిక్ పనిచేసే అవకాశం బాగా తక్కువ కాబట్టి, రైతు నిజంగా నమ్ముకోగలిగింది టీకానే.

పశువుల టీకాల పని హైదరాబాద్‌కు కొత్త కాదు. శాంతినగర్‌లో ప్రభుత్వ టీకా తయారీ సంస్థ ఉంది. జాతీయ పాడి అభివృద్ధి మండలి 1982లో నెలకొల్పిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ గచ్చిబౌలిలో ఉంది. ఈ కేసు ఆ రెండింటిలో దేనిదీ కాదు. వాటి పేర్లు చెప్పడానికి కారణం ఒక్కటే, ఈ నగరంలో ఈ పని తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు, అయినా ఆ అనుభవంలో ఎక్కువ భాగం నోటి మాటగానే నడుస్తోంది, కాగితం మీదికి రావడం లేదు.

మేము పనిచేస్తున్న సమయంలో మా సంస్థ పటికతో అవక్షేపింపజేసిన పాత తరహా గొంతువాపు టీకా తయారు చేసేది. దాని రక్షణ నాలుగు నుంచి ఆరు నెలలు ఉంటుంది. వానాకాలం ముందు మే, జూన్ నెలల్లో టీకా వేస్తే ఆ సీజను గడిచిపోతుంది కాబట్టి పల్లెల్లో ఇది చాలావరకు సరిపోతుంది. నగరం చుట్టుపక్కల తబేలాల పరిస్థితి అలా ఉండదు. మూసీ ఒడ్డున పెరిగే పారా గడ్డి మీద బతికే ఈ గేదెలను యజమానులు ఏడాది పొడవునా బయటి నుంచి కొని తెస్తూ, వట్టిపోయినవాటిని అమ్మేస్తూ ఉంటారు. కొత్తగా వచ్చిన పశువు ప్రయాణంలో అలిసి, టాన్సిల్స్‌లో బ్యాక్టీరియాను మోసుకొని వస్తే, పక్క గుంజకు కట్టిన గేదెకు జూన్‌లో వేసిన టీకా జనవరిలో అక్కరకు రాదు. ఒక తబేలా యజమాని మా దగ్గరికి వచ్చి అడిగిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "జూన్‌ల టీకా వేయించిన మేడం, సంక్రాంతికి గొంతెట్ల వాచింది?" ఆయన వేయించిన టీకాలో లోపం లేదు, దాని రక్షణ గడువు అయిపోయింది, అంతే. అదే టీకాను నూనె కలిపి తయారు చేస్తే రక్షణ దాదాపు ఏడాది వరకు నిలుస్తుందన్నది 1950ల నుంచి తెలిసిన విషయం. నూనె లోపల చిక్కుకున్న యాంటిజెన్, అంటే నిరోధక వ్యవస్థ గుర్తుపట్టే బ్యాక్టీరియా పదార్థం, కొద్దికొద్దిగా బయటికి వస్తూ నిరోధక వ్యవస్థను చాలాకాలం మేల్కొలిపి ఉంచుతుంది. అందుకని నూనె టీకా తయారీని అభివృద్ధి చేయాలని నిర్ణయించుకున్నాము.

ఎదురైన సమస్య

మొదటి ప్రయోగాత్మక బ్యాచ్ అన్ని ప్రాథమిక పరీక్షల్లోనూ నెగ్గింది. ఫార్మాలిన్‌తో చంపిన కల్చర్‌లో (పోషక ద్రవంలో పెంచిన బ్యాక్టీరియాలో) సజీవ కణాలు మిగల్లేదు, వేరే క్రిములు కలవలేదు, దూడల్లో భద్రత పరీక్ష సజావుగా ముగిసింది. కల్చర్ సాంద్రత మాత్రం మేము ఆశించిన దానికంటే ఎక్కువగా వచ్చింది. అంత చిక్కటి కల్చర్ ఆ ఫర్మెంటర్‌లో, అంటే బ్యాక్టీరియాను పెంచే పాత్రలో, అంతకుముందు రాలేదు. దానికి సంతోషించాము కూడా.

తర్వాత ఎలుకల్లో పొటెన్సీ పరీక్ష, అంటే టీకా రక్షణ బలాన్ని కొలిచే పరీక్ష. తెల్ల ఎలుకలకు రెండు వారాల ఎడంతో రెండు డోసులు ఇచ్చి, మరో వారం ఆగి, టీకా వేసిన గుంపులకూ వేయని గుంపులకూ పదింతల చొప్పున పలుచన చేసిన సజీవ కల్చర్ ఇస్తాము. టీకా వేయని ఎలుకను చంపే మోతాదు కంటే కనీసం పదివేల రెట్ల మోతాదును టీకా వేసిన ఎలుక తట్టుకోవాలి. ఒక్కో లాగ్ అంటే పదింతలు కాబట్టి, మా లెక్కలో అది 4 లాగ్‌ల తేడా. మా బ్యాచ్‌కు ఆ తేడా 2 లాగ్‌లు కూడా రాలేదు. పరీక్షలో పొరపాటు జరిగిందేమోనని మళ్లీ చేసినా ఫలితం మారలేదు. రెండో బ్యాచ్ కూడా ఇలాగే విఫలమైంది.

ప్రయత్నించినవి, విఫలమైనవి

మొదట నూనెను అనుమానించాము. మా దృష్టిలో ఈ ప్రక్రియలో కొత్తగా చేరింది అదొక్కటే. బ్యాక్టీరియా పాతది, దాన్ని పెంచే పోషక ద్రవం (మీడియం) పాతది, ఫార్మాలిన్ పాతది, మనుషులూ పాతవాళ్లే. కొత్తగా వచ్చిన దాని మీద తప్పు వేయడం తర్కబద్ధంగానే కనిపించింది. నూనెగా వాడే లిక్విడ్ పారాఫిన్‌కు, మిశ్రమాన్ని నిలిపే లనోలిన్ పాళ్లు మార్చాము, ఎమల్షన్ (నూనె, నీరు కలిసిన మిశ్రమం) కలిపే వేగం మార్చాము, బిందువుల పరిమాణాన్ని మైక్రోస్కోపు కింద కొలిచాము, చల్లటి నీటి మీద చుక్క వేసి చెదరకుండా నిలుస్తోందో లేదో చూశాము. ఎమల్షన్ ప్రతిసారీ మెరుగైంది కానీ, పొటెన్సీలో కదలిక లేదు. ఒక్కో మార్పుకు ఎలుకల ఫలితం రావడానికి నెల పైన పడుతుంది కాబట్టి, మూడు మార్పులు చేసేసరికి నాలుగు నెలలు గడిచిపోయాయి.

ఇక్కడ జరిగిన పొరపాటును విడమరచి చెప్పాలి. అదే కల్చర్‌లో కొంత భాగాన్ని పక్కన పెట్టి పటిక టీకాగా తయారు చేసి, నూనె టీకాతో పాటు అదే రోజు పరీక్షకు పంపి ఉంటే, తప్పు నూనెదో కాదో మొదటి నెలలోనే తేలిపోయేది. అలా ఎందుకు చేయలేదంటే, పటిక టీకా బాగానే ఉందని ఎవరూ పరీక్షించకుండానే అందరమూ నమ్మాము. అది ఏళ్ల తరబడి విడుదలవుతున్న టీకా. దాని చివరి పొటెన్సీ ఫలితం బాగుంది. ఆ ఫలితం ఎప్పటిదో, ఆ రోజు వాడిన కల్చర్‌కూ ఇప్పటి కల్చర్‌కూ మధ్య ఎంత దూరముందో ఎవరూ అడగలేదు.

రెండో ఆలోచన యాంటిజెన్ మోతాదు పెంచడం. టీకా బలహీనంగా ఉంటే డోసులో బ్యాక్టీరియా పెంచాలన్నది సులువుగా తట్టే ఉపాయం. రెట్టింపు చేశాము. పొటెన్సీ కాస్త పెరిగింది, ఆ కాస్త పెరుగుదలే మమ్మల్ని ఇంకొన్ని వారాలు తప్పుదారి పట్టించింది. ఈలోగా దూడల భద్రత పరీక్షలో సూది వేసిన చోట గట్టి వాపు, రెండు రోజుల జ్వరం కనిపించాయి. బ్యాక్టీరియా పెరిగితే దాని లైపోపాలిశాకరైడ్ కూడా పెరుగుతుంది. అదే ఎండోటాక్సిన్, జ్వరం, వాపు తెచ్చే విషం. సూది వేసిన మర్నాడు గేదె పాలు తగ్గితే రైతు మరుసటి ఏడాది టీకా వేయనివ్వడు. శాస్త్రపరంగా టీకా ఎంత మంచిదైనా తబేలా గేటు దాటలేకపోతే అది టీకాయే కాదు. ఆ దారిని అక్కడే ఆపేశాము. ఆ నిర్ణయం సరైనదే. అయితే ఇన్ని బ్యాక్టీరియా కణాలుండి కూడా రక్షణ ఎందుకు రావడం లేదన్న ప్రశ్నను అప్పుడే వేసుకొని ఉండాల్సింది. మేము వేసుకోలేదు.

మూడోది ఫార్మాలిన్. దాని మోతాదు ఎక్కువై యాంటిజెన్‌ను పాడుచేస్తోందేమోనని తగ్గించి చూశాము. తేడా రాలేదు.

దారి మళ్లించిన మాట

ఒక ఉదయం కల్చర్ గదిలో పనిచేసే టెక్నీషియన్ ఒక సంగతి చెప్పాడు. "మేడం, ఈ మధ్య కల్చర్ తొందరగా అడుక్కు పోతున్నది. ఇదివరకు పొద్దంతా పెట్టినా పైన తేటపడకపోయేది." అతను ఫిర్యాదు చేయలేదు. కల్చర్‌ను వడకట్టడం తేలికైందన్న ఉద్దేశంతో, మంచి వార్తగానే చెప్పాడు. మా ముందు రెండు ఫ్లాస్కులు ఉన్నాయి. పై భాగం టీ డికాషన్‌లా తేటగా, అడుగున వేలెడు మందాన బూడిద రంగు మడ్డి.

క్యాప్సూల్ ఉన్న కణాలు ఒకదానికొకటి అంటుకోకుండా ద్రవంలో తేలుతూ ఉంటాయి. అది పోయిన కణాలు ముద్దకట్టి అడుగుకు చేరే అవకాశం ఎక్కువ. నాకు ఈ సంగతి పుస్తకంలో చదివినప్పటి నుంచీ తెలుసు. తెలిసి కూడా ఆ మడ్డిని చూసినప్పుడు స్ఫురించలేదు. టెక్నీషియన్ 'ఇదివరకు' అన్న మాట అనకపోతే ఆ రోజు కూడా స్ఫురించేది కాదు. మార్పు కనిపించాలంటే నిన్న ఎలా ఉందో గుర్తున్న మనిషి ఉండాలి.

గుర్తింపు పరీక్షలు చేశాము. గ్రామ్ స్టెయిన్, బయోకెమికల్ పరీక్షలు, పీసీఆర్ అన్నీ ఇది పాశ్చరెల్లా మల్టోసిడా అనీ, క్యాప్సూల్ రకం బి అనీ చెప్పాయి. ఈ ఫలితంతో విభాగంలో సగం మంది విచారణ ముగిసినట్టేనని భావించారు. కానీ పీసీఆర్ చూసేది జన్యువు ఉందా లేదా అన్నది మాత్రమే. ఆ జన్యువు పనిచేసి పొరను తయారు చేస్తోందా లేదా అన్నది దానికి కనిపించదు. ఫిస్ అనే నియంత్రక ప్రొటీన్ జన్యువులో ఒక్క అక్షరం మారినా ఈ బ్యాక్టీరియా క్యాప్సూల్ తయారీ ఆపేయవచ్చునని ఆస్ట్రేలియా పరిశోధకులు 2010లో, ఎ రకం క్యాప్సూల్ ఉన్న స్ట్రెయిన్‌లో (ఒక ఉపరకంలో) చూపారు. క్యాప్సూల్‌తో పాటు మరికొన్ని ఉపరితల ప్రొటీన్లు కూడా అదే నియంత్రణలో ఉంటాయి. క్యాప్సూల్ జన్యువులు మాత్రం యథాతథంగా ఉంటాయి, పీసీఆర్‌లో గీత స్పష్టంగానే వస్తుంది. మా స్ట్రెయిన్‌లో జరిగింది సరిగ్గా ఇదేనని నేను అనను, ఆ జన్యువును మేము చదవలేదు. రక్షణనిచ్చే శక్తి ఒక్క క్యాప్సూల్‌లోనే ఉందని కూడా అనను. పైపొర పోయిన కల్చర్‌లో దానితో పాటు మరికొన్ని కూడా పోయి ఉండవచ్చునన్న ఆలోచనకు ఆ పరిశోధన ఆధారమిచ్చింది.

అప్పుడు పాత పద్ధతిని ఆశ్రయించాము. రక్తం కలపని తేట అగార్ (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ) మీద కల్చర్‌ను పరచి, ఇరవై నాలుగు గంటలలోపు, స్టీరియో మైక్రోస్కోపు కింద వెలుతురును అడుగు నుంచి ఏటవాలుగా పంపి చూడాలి. క్యాప్సూల్ ఉన్న కాలనీలు నీటి మీద కిరోసిన్ చుక్క పరుచుకున్నప్పటిలా పసుపు, పచ్చ కలిసిన రంగుల్లో మెరుస్తాయి. లేనివి నీలం కలిసిన బూడిద రంగులో నిర్జీవంగా కనిపిస్తాయి. మేము రోజూ స్వచ్ఛత కోసం చూసేది రక్తం కలిపిన అగార్ మీద, గది దీపం వెలుతురులో. అందులో రెండు రకాలూ ఒకేలా ఉంటాయి. ఏటవాలు వెలుతురులో ప్లేటును తిప్పుతూ చూస్తే, దాదాపు అంతా బూడిద రంగే. అక్కడక్కడ ఒకటి రెండు కాలనీలు మాత్రం తళుక్కుమన్నాయి. ఎనిమిది నెలల ప్రశ్నకు జవాబు ఆ ఒక్క ప్లేటులో దొరికింది. ఆ మధ్యాహ్నం మేము ముగ్గురం వంతులవారీగా ఐపీస్‌లోకి చూస్తూ చాలాసేపు మాట్లాడుకోలేదు.

కారణం

ప్రతి కల్చర్‌నూ మొదలుపెట్టడానికి వాడే బ్యాక్టీరియా నిల్వను సీడ్ అంటాము. ఆ సీడ్ రిజిస్టర్ వెనక్కి తిప్పాము. ఆరబెట్టి సీలు చేసిన మూల సీడ్ ఆంప్యూల్స్ (చిన్న గాజు సీసాలు) కొద్దిగానే మిగిలి ఉన్నాయి. వాటిని పొదుపుగా వాడాలన్న మంచి ఉద్దేశంతో, ఒక ఆంప్యూల్ తెరిచాక దాన్నే స్లాంట్ (గొట్టంలో ఏటవాలుగా గడ్డకట్టించిన అగార్) మీది నుంచి స్లాంట్ మీదికి మారుస్తూ నెలల తరబడి నడిపారు. మార్చిన ప్రతిసారీ సంతకం ఉంది, తేదీ ఉంది. మూలం నుంచి ఇది ఎన్నో తరం అన్న లెక్క మాత్రం లేదు. నియమావళిలో 'ఎప్పటికప్పుడు కొత్త సీడ్ తీయాలి' అని మాత్రమే ఉంది. ఎవరూ నియమం తప్పలేదు. ఆ నియమంలో అంకె లేదు.

పశువు ఒంట్లో క్యాప్సూల్ బ్యాక్టీరియాకు ప్రాణాధారం. తెల్ల రక్తకణాలు మింగకుండా కాపాడేది అదే. గాజు ఫ్లాస్కులో తెల్ల రక్తకణాలు ఉండవు. అక్కడ క్యాప్సూల్ తయారు చేయడం వృథా ఖర్చు. ఆ ఖర్చు మానుకున్న కణం మిగతావాటి కంటే కాస్త వేగంగా పెరుగుతుంది, మార్చిన ప్రతిసారీ దాని వాటా పెరుగుతుంది. మొదటి బ్యాచ్‌లో మమ్మల్ని సంతోషపెట్టిన ఆ చిక్కటి కల్చర్, పైపొర వదిలేసుకున్న కణాల జోరు. మేము దాన్ని నాణ్యతగా లెక్కించాము.

దాదాపు ఇదే బ్యాక్టీరియాతో టీకాల చరిత్రలో ఒక ముఖ్య ఘట్టం జరిగింది. 1880 ప్రాంతంలో లూయీ పాశ్చర్ కోళ్ల కలరా మీద పనిచేసినప్పుడు, ప్రయోగశాలలో చాలాకాలం నిలవున్న కల్చర్ బలహీనపడి, చంపకుండా రక్షణ ఇవ్వగలదని గమనించాడు. కోళ్ల కలరాకు కారణం కూడా పాశ్చరెల్లా మల్టోసిడానే, రకం మాత్రం వేరు. అక్కడ బలహీనత వరమైంది, ఎందుకంటే ఆ కల్చర్ సజీవం. పశువు ఒంట్లో పెరిగి, తనలోని యాంటిజెన్లను చూపించగలదు. మేము చంపిన కల్చర్‌తో పనిచేస్తున్నాము. చంపే సమయానికి అందులో లేనిది తర్వాత ఎక్కడి నుంచీ రాదు.

పనిచేసినవి

మిగిలిన ఆంప్యూల్స్‌లో ఒకటి తెరవాలా వద్దా అన్న దాని మీద రెండు రోజులు చర్చ జరిగింది. అది పోతే తిరిగి రాని సంపద. అయినా ఆంప్యూల్‌ను పెట్టెలో కాపాడుకుంటూ బూడిద రంగు సీడ్‌తో టీకా చేయడంలో అర్థం లేదు. తెరిచాము. ప్లేటు మీద ఎక్కువ కాలనీలు మెరిశాయి. ఎలుకలో ఒక్కసారి పంపి, గుండె రక్తం నుంచి మళ్లీ కల్చర్ తీశాము. క్యాప్సూల్ లేని కణాలను ఎలుక శరీరం తొలగించేస్తుంది కాబట్టి తిరిగి వచ్చిన కాలనీలన్నీ మెరిసేవే. వాటిలో నుంచి ఏరిన కాలనీతో కొత్త మాస్టర్ సీడ్, దాని నుంచి వర్కింగ్ సీడ్ తయారు చేసి, చిన్న చిన్న ఆంప్యూల్స్‌గా ఆరబెట్టించాము. మాస్టర్ సీడ్ నుంచి ఫర్మెంటర్ దాకా అయిదుకు మించి తరాలు ఉండకూడదని నియమావళిలో ఈసారి అంకె వేసి రాశాము. తెరిచిన ఆంప్యూల్‌ను ఆ బ్యాచ్‌తోనే పారేయాలి, స్లాంట్ మీద దాచకూడదు.

ఆ తర్వాత చేసిన ప్రయోగం మొదటి నెలలో చేయాల్సింది. పాత సీడ్, కొత్త సీడ్. ఒక్కోదానితో పటిక టీకా, నూనె టీకా. నాలుగు టీకాలూ ఒకే రోజు, ఒకే మీడియంలో తయారై, ఒకే పరీక్షకు వెళ్లాయి. పాత సీడ్‌తో చేసిన రెండూ విఫలమయ్యాయి, కొత్త సీడ్‌తో చేసిన రెండూ 4 లాగ్‌లు దాటాయి. నూనె మీద నాలుగు నెలలుగా ఉన్న అనుమానం దీంతో పోయింది. ఈ ఫలితానికి ఇంకో ముఖం కూడా ఉంది. పాత సీడ్‌తో చేసిన పటిక టీకా కూడా విఫలమైందంటే, అప్పటికి నిల్వలో ఉన్న, విడుదలకు సిద్ధంగా ఉన్న టీకా సంగతి ఏమిటి? దాన్ని ఆపి మళ్లీ పరీక్షించాలని అదే సాయంత్రం రాతపూర్వకంగా కోరాను. సంస్థకు అది ఖర్చుతో కూడిన పని. నాణ్యత విభాగం అంగీకరించింది. పరీక్షలో నిలవని నిల్వను ధ్వంసం చేశారు.

పెద్ద ఫర్మెంటర్‌లో తొలి బ్యాచ్ అంచు మీద నెగ్గింది. చిన్న ఫ్లాస్కులో వచ్చిన ఫలితం పెద్ద పాత్రలో ఎందుకు రాలేదో తెలుసుకోవడానికి గంట గంటకూ నమూనా తీసి ఏటవాలు వెలుతురులో లెక్కించాము. పెరుగుదల జోరు మీద ఉన్నంత సేపూ మెరిసే కాలనీల వాటా నిలకడగా ఉంది. రాత్రంతా గాలి అందిస్తూ తెల్లవారేదాకా ఉంచితే పడిపోతోంది. పాత అలవాటు ప్రకారం సాయంత్రం మొదలుపెట్టి, ఉదయం షిఫ్టు వచ్చాక కల్చర్ తీసేవాళ్లము. ఆ సమయాన్ని నిర్ణయించింది బ్యాక్టీరియా కాదు, మా డ్యూటీ చార్టు. కల్చర్‌ను ముందుగానే తీయడం మొదలుపెడితే దిగుబడి తగ్గింది, ఉత్పత్తి విభాగం అభ్యంతరం చెప్పింది. వారికి రెండు ప్లేట్లు పక్కపక్కన పెట్టి చూపించాను. ఒక లీటరుకు ఎన్ని డోసులు అన్న లెక్కను, ఒక లీటరుకు ఎన్ని పనిచేసే డోసులు అని మార్చి చూడమన్నాను. షిఫ్టు సమయం మారింది.

తబేలాలో ఎదురైనది

క్షేత్ర పరీక్షను చలికాలంలో, యజమానుల అనుమతితో కొన్ని తబేలాల్లో చేశాము. ఒక నెల తర్వాత గేదెల రక్తం నుంచి తీసిన సీరాన్ని ఎలుకలకు ఇచ్చి, ఆ ఎలుకలు సజీవ బ్యాక్టీరియాను తట్టుకుంటాయో లేదో చూశాము. చాలా గేదెల సీరం రక్షణ ఇచ్చింది, కొన్నింటిది అసలేమీ ఇవ్వలేదు. ఒకే టీకాకు ఒకే కొట్టంలో ఇంత తేడా రావడం వింతగా తోచింది. లాగ్‌బుక్‌లో ఏమీ దొరకలేదు కాబట్టి, రెండో విడతలో టీకా వేసేవారితో పాటు తెల్లవారుజామున వెళ్లి నిలబడ్డాను.

ఐస్ పెట్టెలో నుంచి తీసిన సీసా చేతికి గడ్డలా తగిలింది. నూనె ఎమల్షన్ ఆ చలికి చిక్కబడి సిరంజిలోకి ఎక్కడమే కష్టమైంది. గేదె మెడ కండరంలోకి సూది దిగింది, టీకా వేసే ఆయన బొటనవేలు తెల్లబడేలా ప్లంజర్ ఒత్తుతున్నాడు, గేదె కదిలింది, సూది బయటికి వచ్చింది. మెడ మీద నల్లటి వెంట్రుకల మధ్య తెల్లటి చుక్క ఒకటి జారింది. "ఇది మందు లెక్క లేదు మేడం, వెన్నపూస లెక్క ఉన్నది. ఎంత ఒత్తినా దిగుతలేదు" అన్నాడాయన. ఇరవై ఏళ్లుగా టీకాలు వేస్తున్న మనిషి. తప్పు ఆయన చేతిది కాదు. డోసులో ఎంత భాగం కండరంలోకి వెళ్లిందో ఎంత వెంట్రుకల మీద పోయిందో చెప్పే పరీక్ష ప్రయోగశాలలో లేదు.

ఇక్కడ నిర్ణయం తేలిక కాలేదు. నీటిని నూనెలో చిక్కించిన ఎమల్షన్ ఎక్కువ కాలం రక్షణ ఇస్తుంది, కానీ చిక్కగా ఉంటుంది. దాన్ని మళ్లీ నీటిలో చెదరగొట్టి చేసే జంట ఎమల్షన్ పలచగా, సూదిలో సులువుగా వెళుతుంది, అయితే రక్షణ కాలం కొంత తగ్గవచ్చు. సీసాను కాస్త వెచ్చబెట్టి వాడమని సూచిస్తే సరిపోతుందని కొందరన్నారు. చీకటిలో నలభై గేదెలకు టీకా వేయాల్సిన మనిషి ప్రతి సీసానూ వెచ్చబెడతాడని, ఒకసారి వెచ్చబెట్టినదాన్ని తిరిగి ఐస్‌లో పెట్టి మర్నాడు వాడడని హామీ ఇవ్వలేము. వంద శాతం డోసు లోపలికి వెళ్లి కొంత తక్కువ కాలం కాపాడే టీకా, సగం డోసు బయట పోయి ఏడాది కాపాడాల్సిన టీకా కంటే మేలని నేను వాదించాను. జంట ఎమల్షన్‌కు మారాము. తర్వాతి విడతలో స్పందించని పశువులు బాగా తగ్గాయి. తొమ్మిదో నెల సీరాల్లో కూడా రక్షణ కనిపించింది.

పటిక టీకాను మాత్రం ఆపేయవద్దని నివేదికలో రాశాను. నూనె టీకా రక్షణ నెమ్మదిగా మొదలవుతుంది. వ్యాధి చుట్టుపక్కల కనిపించి, రోజుల్లో రక్షణ కావాల్సి వచ్చినప్పుడు పటిక టీకాయే ముందు వేయాలి, కొన్ని వారాల తర్వాత నూనె టీకా ఇవ్వాలి. ఏ టీకా అయినా పశువును వ్యాధి నుంచి కాపాడుతుంది కానీ, టాన్సిల్స్‌లో మోసుకు తిరిగే బ్యాక్టీరియాను పూర్తిగా తొలగిస్తుందని ఆశించకూడదు. కాబట్టి కొత్తగా కొన్న గేదెను కొన్నాళ్లు వేరుగా కట్టమని తబేలా యజమానులకు చెప్పడం మా టీకా పనిలో భాగమే. జింక నుంచి తీసిన బి:3,4 రకం సజీవ స్ట్రెయిన్‌ను మయన్మార్‌లో ముక్కులో చల్లే టీకాగా 1989 నుంచి వాడారు. శ్వాసమార్గంలోనే నిరోధకత కల్పించే ఆ దారిని మన దగ్గర కూడా గట్టిగా పరిశీలించాలని నా అభిప్రాయం.

టీకా వేయించుకున్న తల్లుల దూడలకు ఏ వయసులో మొదటి డోసు ఇవ్వాలన్నది ఈ పనిలో మేము తేల్చలేకపోయాము. జున్నుపాలతో వచ్చిన యాంటీబాడీలు తగ్గకముందే వేస్తే టీకా వృథా అవుతుంది, తగ్గాక ఆలస్యం చేస్తే దూడ ప్రమాదకరమైన వయసులో రక్షణ లేకుండా ఉంటుంది. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య మొదటి డోసు, తర్వాత బూస్టర్ అన్న సాధారణ సూచననే పాటించాము. గుంపు గుంపుకూ సీరం చూసి నిర్ణయించే పని మిగిలే ఉంది.

బ్యాచ్ రిజిస్టర్‌లో ఇప్పుడు ఒక కొత్త గడి ఉంది. ఏటవాలు వెలుతురులో ఎన్ని కాలనీలు మెరిశాయో అందులో రాయనిదే ఎలుకలకు ఆర్డరు వెళ్లదు. విఫలమవుతుందని ముందే తెలిసిన టీకాతో ఎలుకలను చంపడం మాకు ఇక సమ్మతం కాదు. నేను ఆ సంస్థ నుంచి మారే ముందు నెలలో ఒక బ్యాచ్‌కు ఆ గడిలో అంకె తక్కువ వచ్చింది. సాంద్రత బాగుంది, పీసీఆర్ బాగుంది. మొదట మడ్డి సంగతి చెప్పిన టెక్నీషియనే ప్లేటు పట్టుకొని నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఇద్దరమూ ఒకసారి ఐపీస్‌లోకి చూశాము. అతను వెళ్లి ఆ ఫర్మెంటర్‌ను, ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌కు పంపించి, పెట్టెలో నుంచి కొత్త ఆంప్యూల్ తీశాడు.